అతనూ తాగలేదు

“హజ్రత్, ఆ ఇంటి సంగతి మీకు తెలిసినంత వరకు చెప్పండి” అని ఆ పెద్దమనిషి అడిగారు. మేము కొద్దిసేపు మౌనంగా ఉండి, “వల్లాహు ఆలమ్” అన్నాము. అల్లాహ్‌కే బాగా తెలుసునని దాని అర్థం. ఆ మాటలో అసత్యం లేదు. కానీ దానికి ముందు మేము పాటించిన మౌనాన్ని ఆయన తనకు తోచినట్లు అర్థం చేసుకున్నారు. అలాగే అర్థం చేసుకుంటారని మాకూ తెలుసు. వారం తిరగకముందే ఒక ఆడపిల్ల సంబంధం తప్పిపోయింది.

మదరసాలో పాతికేళ్ళకు పైగా తఫ్సీరు, హదీసు బోధిస్తున్నవారం మేము. అనుమానాల గురించి, పరోక్ష నింద గురించి అల్‌ హుజురాత్ సూరా పన్నెండవ ఆయతులో అల్లాహ్ ఏమి ఆజ్ఞాపించాడో ఎన్ని తరగతులకు చెప్పామో లెక్కలేదు. పరోక్ష నిందను ఆ ఆయతు దేనితో పోల్చిందో పాఠకులకు తెలుసు. అయినా ఆ రోజు మాకు గుర్తు రాలేదు. ఈ వ్యాసం ఆ మౌనం గురించి. దానితోపాటు, మనిషి కుడి పక్కటెముకల క్రింద చప్పుడు చేయకుండా పనిచేసుకుపోయే ఒక అవయవం గురించి కూడా. ఆ ఇంటివారి అనుమతి తీసుకొనే రాస్తున్నాము. పేర్లు మాత్రం రాయడం లేదు.

యూసుఫ్‌గూడ చూసినవారికి మా వీధులు ఎలా ఉంటాయో తెలుసు. ఒకవైపు కృష్ణానగర్. తెల్లవారకముందే అక్కడి కూడళ్ళలో జూనియర్ ఆర్టిస్టులు, లైటు పనివారు, మేకప్‌వారు ఆ రోజు పని కోసం నిలబడి ఉంటారు. మరోవైపు రహ్మత్‌నగర్, బోరబండ. పైన జూబ్లీహిల్స్ మేడలు. మేము ఫజర్ నమాజుకు మసీదు వైపు వెళ్తుంటే, రాత్రి షూటింగు ముగించుకొని వచ్చేవారు ఎదురవుతుంటారు. ఆ ఎదురయ్యేవారిలో ఒకరు మా దర్జీ భాయి. సినిమాలలో బృందంగా నర్తించేవారికి తళుకుల దుస్తులు కుట్టడం ఆయన పని. పండుగలకు మాత్రం మహల్లావారి కుర్తా పైజామాలు కుట్టేవారు. మా కుర్తాలన్నీ ఆయన చేతివే. మితభాషి. నమాజుకు రాగలిగిన రోజున వచ్చి, చివరి వరుసలో నిలబడి, సలాం తిప్పగానే వెళ్ళిపోయేవారు.

నాలుగేళ్ళ క్రితం ఆయన కళ్ళు పచ్చబడ్డాయి. కొన్ని నెలలకు పొట్ట ఉబ్బింది, కాళ్ళు వాచాయి, చేతులు మాత్రం పుల్లలయ్యాయి. మహల్లాలో ఎవరికీ వైద్యుని అవసరం లేకపోయింది. చాయ్ హోటల్ దగ్గరే రోగనిర్ధారణ జరిగిపోయింది: “సినిమావాళ్ళతో తిరుగుడు కదా, తాగి తాగి కాలేయం పాడు చేసుకున్నాడు.” ఈ మాట మా చెవిన పడింది. మేము ఖండించలేదు. నిజం చెప్పాలంటే, మేము కూడా నమ్మాము. కాలేయం పాడయ్యేది తాగుబోతులకేనని మా మనసులో ఎప్పుడో స్థిరపడిపోయింది. ఆయనను తాగుతుండగా చూసినవారు ఒక్కరూ లేరని అప్పుడు ఆలోచించలేదు. ఆయన కోసం దమ్ చేసిన నీళ్ళు ఇమ్మని వారి అబ్బాయి వస్తే ఇచ్చి పంపాము. అంతకుమించి ఏమీ చేయలేదు. ఆ సమయంలోనే ఆయన కుమార్తెకు వచ్చిన సంబంధం తాలూకు పెద్దమనిషి వచ్చి మమ్మల్ని అడగడం, మేము ఆ విధంగా జవాబివ్వడం జరిగాయి. పెళ్ళి విషయంలో సలహా అడిగినప్పుడు తెలిసిన లోపాన్ని దాచకూడదని ఫిఖ్హ్ చెబుతుంది. తెలియనిదాన్ని తెలిసినట్లు ధ్వనింపజేయమని ఏ గ్రంథమూ చెప్పలేదు.

రెండు నెలల తర్వాత ఆయన మరణించారు. ఇన్నా లిల్లాహి వ ఇన్నా ఇలైహి రాజిఊన్. జనాజాకు వచ్చినవారు పలుచగా ఉన్నారు. ఆయన నిజంగా తాగినవారే అయినా, ఒక ముస్లిము జనాజాకు రాకుండా ఇంట్లో కూర్చోవడానికి అది కారణం కాజాలదు. ఆ మాట చెప్పవలసిన స్థానంలో ఉన్నది మేమే.

ఇక మా సంగతి. నిరుడు మదరసా దగ్గర ఉచిత ఆరోగ్య శిబిరం పెట్టారు. పిల్లలు భయపడకుండా ఉండాలని మొదట మేమే చేయి చాపి రక్తం ఇచ్చాము. కాలేయానికి సంబంధించిన ఎస్‌జీపీటీ ఎక్కువగా ఉందన్నారు, చక్కెర కూడా సరిహద్దులో ఉందన్నారు. తర్వాత ఒక ఆసుపత్రిలో స్కానింగు తీయించాము. కాలేయంలో కొవ్వు పేరుకుందని తేలింది. కాలేయం గట్టితనాన్ని కొలిచే ఫైబ్రోస్కాన్ అనే మరో పరీక్షలో, అక్కడక్కడా మచ్చలు కట్టడం మొదలైందని తెలిసింది. డాక్టరమ్మ మామూలుగా అందరినీ అడిగే ప్రశ్నే మమ్మల్నీ అడిగారు: “మద్యం అలవాటు ఉందా, మౌలానా గారూ?”

మా గడ్డం తెల్లబడింది. తలపై టోపీ ఉంది. అయినా ఆ ప్రశ్నకు ముఖంలోకి రక్తం పొంగింది. “అస్తగ్‌ఫిరుల్లాహ్, జీవితంలో చుక్క ముట్టలేదమ్మా” అన్నాము. ఆమె నవ్వి, “నమ్ముతున్నాను. అడగడం మా విధి. మన దగ్గర కాలేయం గట్టిపడటానికి ముఖ్యంగా మూడు దారులు: మద్యం, వైరసు, కొవ్వు. మీది మూడోది. వైరసు ఉందో లేదో కూడా చూద్దాం” అన్నారు. ఇంటికి వచ్చిన తర్వాత ఆ రిపోర్టును మా ఇంటివారికి చూపడానికి రెండు రోజులు సంకోచించాము. చాయ్ హోటల్‌వారు వింటే ఏమంటారోనన్న ఆలోచన వచ్చింది. ఆ ఆలోచనతోపాటే దర్జీ భాయి గుర్తుకు వచ్చారు. మూడు దారులలో ఆయనది ఏది? మేము అడగనే లేదు.

ఆ అవయవం గురించి మేము మదరసా విద్యార్థిగా చదివింది యూనానీ దృష్టితో. ఇబ్నె సీనా తన అల్‌ ఖానూన్‌లో గుండె, మెదడులతోపాటు కాలేయాన్ని ప్రధానావయవాలలో చేర్చారు. తిన్న ఆహారం కాలేయంలో రక్తంగా మారుతుందని పూర్వపు హకీముల అభిప్రాయం. పెద్దవారిలో రక్తకణాలు ఎముకల మజ్జలో తయారవుతాయని నేటి వైద్యం చెబుతుంది. అయితే ఆ పూర్వుల మాట పూర్తిగా వృథా కాలేదు. తల్లి గర్భంలో ఉన్న శిశువుకు కొన్ని నెలలపాటు రక్తకణాలు కాలేయంలోనే తయారవుతాయట. అరబీలో కాలేయాన్ని కబిద్ అంటారు. దప్పికగొన్న కుక్కకు నీళ్ళు పట్టిన మనిషి ఉదంతం చెప్పినప్పుడు దైవప్రవక్త (స) ప్రాణి అనడానికి బదులు తడిగల కాలేయం కలిగినది అన్న పదప్రయోగం చేశారు. ప్రతి ప్రాణికి చేసే మేలుకూ పుణ్యం ఉందని ఆ హదీసు భావం. ప్రాణం ఉన్నదనడానికి గుర్తుగా అక్కడ గుండె పేరు రాలేదు, కాలేయం పేరు వచ్చింది. హదీసు చదివే రోజుల్లో దీన్ని పదవిశేషంగా మాత్రమే రాసుకున్నాము.

డాక్టరమ్మ ఒక కాగితంపై బొమ్మ గీసి చెప్పిన విషయాలు విన్నాక ఆ పదం బరువు తెలిసింది. పెద్ద మనిషిలో కాలేయం దాదాపు కిలోన్నర ఉంటుంది. నిమిషానికి లీటరున్నర వరకు రక్తం దాని గుండా పోతుంది. అందులో ముప్పాతిక వంతు గుండె నుండి నేరుగా వచ్చేది కాదు. కడుపు, పేగులను చుట్టి, అక్కడ అరిగినదంతా మోసుకొని వచ్చేది. అంటే మనం మింగినది శరీరంలోని మిగతా భాగాలకు చేరేముందు ముందుగా ఈ వాకిట్లో ఆగి లెక్క చెప్పుకోవాలి. చక్కెరను గ్లైకోజెన్‌గా మార్చి నిల్వ చేయడం, కావలసినప్పుడు విడుదల చేయడం, కొవ్వు అరగడానికి పైత్యరసం తయారు చేయడం, రక్తం గడ్డకట్టేందుకు కావలసిన మాంసకృత్తులను సిద్ధం చేయడం, అమ్మోనియా అనే విషాన్ని యూరియాగా మార్చి మూత్రపిండాలకు అప్పగించడం, మందులను విరిచి బయటికి పంపడం అన్నీ దాని పనులే. నూట ఇరవై రోజులు బ్రతికి చనిపోయే ఎర్ర రక్తకణాల నుండి వచ్చే పసుపు పదార్థాన్ని కూడా అదే వడకట్టి పైత్యరసంలో కలుపుతుంది. ఆ పని కుంటుపడితే కళ్ళు పచ్చబడతాయి. మనం కామెర్లు అనేది దాన్నే. అది ఒక రోగం పేరు కాదు, ఒక గుర్తు మాత్రమే. జ్వరం ఎన్నో రోగాలలో వచ్చినట్లు కామెర్లు కూడా ఎన్నో కారణాలతో వస్తాయి. కామెర్లకు ఒకే మందు అని ఎవరైనా అంటే, ఆ మాట దగ్గరే సందేహించాలి.

రమజాన్ ఉపవాసంలో మనలను నిలబెట్టేది కూడా ఈ కాలేయమే. సహరీలో తిన్నది అరిగిపోయిన తర్వాత రక్తంలో చక్కెర పడిపోకుండా అది తన కోశాగారం నుండి తీసి ఇస్తుంటుంది. మాకు బైతుల్‌మాల్ స్ఫురించింది: వచ్చినప్పుడు జమ చేయడం, కరువులో పంచడం. కానీ ఏ ఖజానాకైనా ఒక పరిమితి ఉంటుంది. గ్లైకోజెన్‌గా అది దాచగలిగింది సుమారు 100 గ్రాములే. మనం రోజూ దానికి మించి పంపుతూ, కదలకుండా కూర్చుంటే, మిగిలిన చక్కెరను అది కొవ్వుగా మార్చి తనలోనే పెట్టుకుంటుంది. పొట్ట చుట్టూ పేరుకున్న కొవ్వు నుండి కూడా దాని వాకిటికి సరుకు వస్తూనే ఉంటుంది. ఇన్సులిన్ ఆజ్ఞను కణాలు లెక్కచేయడం మానేస్తాయి. ఈ స్థితి ఏళ్ళతరబడి సాగితే కొందరిలో కాలేయం లోపల వాపు, వాపు మానిన చోట మచ్చలు, మచ్చలు కలిసి గట్టిపడటం ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి. ఇంత జరుగుతున్నా నొప్పి ఉండదు. కాలేయం లోపల నొప్పిని తెలిపే నరాలు దాదాపు లేవట. చివరికి కళ్ళు పచ్చబడి, పొట్టలో నీరు చేరినప్పుడు లోకానికి తెలుస్తుంది. అప్పటికే లోకం తన తీర్పు చెప్పేసి ఉంటుంది.

మేము ఏమి తిన్నామో లెక్క వేసుకున్నాము. అన్నీ హలాలే! నికాహ్ చదివించడానికి వెళ్ళిన ప్రతి చోటా వలీమా బిర్యానీ, డబల్ కా మీఠా. వద్దంటే ఇంటివారు నొచ్చుకుంటారని రెండోసారి వడ్డించుకోవడం. తరగతికీ తరగతికీ మధ్య చాయ్, రోజుకు ఏడు, ఒక్కొక్కదానిలో రెండు చెంచాల చక్కెర. రమజాన్‌లో పగలంతా ఉపవాసం, సాయంత్రం మిర్చిబజ్జీలు, షర్బతు, హలీము. కూర్చొని బోధించడమే వృత్తి కాబట్టి నడక ఇంటికీ మసీదుకూ మధ్య మాత్రమే. తినడాన్ని, తాగడాన్ని అనుమతించిన అల్‌ ఆరాఫ్ సూరా ఆయతులోనే (7:31) అల్లాహ్ మితిమీరడాన్ని వారించాడు. కడుపులో మూడో వంతే ఆహారానికి అన్న ప్రవక్త (స) వారి హితవును వలీమా ప్రసంగాలలో మేమే చెప్పేవారం, చెప్పి వచ్చి దస్తర్‌ఖాన్ దగ్గర కూర్చునేవారం.

ఇది మా ఒక్కరి కథ కాదు. హైదరాబాద్ విశ్వవిద్యాలయ పరిశోధకులు మన నగరంలోని ఐటీ ఉద్యోగులను 345 మందిని పరీక్షించి 2025లో ఫలితాలు ప్రకటించారు. వారిలో 84 శాతం మందికి కాలేయంలో కొవ్వు ఎక్కువగా ఉంది. వారు గంటల తరబడి కంప్యూటర్ల ముందు కూర్చుంటారు, మేము గ్రంథాల ముందు కూర్చుంటాము. కూర్చోవడంలో భేదం ఏముంది? మధుమేహం, రక్తపోటు వంటి వ్యాధుల కోసం కేంద్ర ప్రభుత్వం నడుపుతున్న కార్యక్రమంలో 2021లో ఈ కొవ్వు కాలేయాన్ని కూడా చేర్చారు. మరొక విషయం డాక్టరమ్మ చెప్పగా విని ఆశ్చర్యపోయాము. ఈ రోగం పాత పేరులో “మద్యం వల్ల కానిది” అన్న మాట ఉండేదట. రోగులను ఆ పేరే అవమానపరుస్తోందని, 2023లో ప్రపంచ కాలేయ వైద్య సంఘాలు కలిసి పేరునే మార్చివేశాయి. పేరులోని ఒక్క మాట రోగిని గాయపరుస్తుందని వారికి తోచింది. మా మహల్లాలో ఒక మనిషి పేరుకే ఆ మాటను అంటగట్టాము.

దర్జీ భాయి భార్య ఇద్దత్ ఎప్పుడో ముగిసింది. మా ఇంటివారిని వెంటబెట్టుకొని ఒక ఆదివారం అస్ర్ తర్వాత వారింటికి వెళ్ళాము. పెద్దబ్బాయి కుట్టు మిషను ఆపి కుర్చీ వేశాడు. ఆ సోదరి పరదా వెనుక కూర్చున్నారు. వచ్చిన పని చెప్పడానికి మాకు చాలా సమయం పట్టింది. మాకు కూడా కాలేయ వ్యాధి ఉందని ముందు చెప్పాము. ఆ తర్వాత ఆ పెద్దమనిషికి మేమిచ్చిన జవాబు గురించి చెప్పాము. ఆమె ఏమీ మాట్లాడలేదు. కొంతసేపటికి, “భాయ్‌సాబ్, మీరే ఏదో అని ఉంటారని మాకు అప్పుడే తెలుసు” అన్నారు. కోపం లేదు ఆ స్వరంలో. కోపం ఉంటే మాకు తేలికగా ఉండేది.

తర్వాత ఫైలు తెప్పించారు. అందులో మొదటి ఏడాది కాగితాలు లేవు. కారణం, ఆ ఏడాది వైద్యమే జరగలేదు. ఒక ఊరిలో కామెర్లకు పసరు పోస్తారంటే మూడుసార్లు వెళ్ళారట. మరొకచోట ముంజేతిపై వాతలు పెట్టారట. మా దమ్ నీళ్ళు కూడా ఆ జాబితాలోనే ఉన్నాయి. దువాను మేము తక్కువ చేయడం లేదు. దువా చేసి, వైద్యుని దగ్గరకు పొమ్మని చెప్పకపోవడమే మా తప్పు. వైద్యం తెలియకుండా వైద్యం చేసినవాడు జరిగిన నష్టానికి బాధ్యుడని హదీసులో ఉంది. ఆకుపసర్లన్నీ నిరపాయకరమని నమ్మేవారికి ఒక మాట: కోవిడ్ కాలంలో తిప్పతీగ వాడినవారిలో కాలేయం దెబ్బతిన్న కేసులను ముంబై వైద్యులు నమోదు చేశారు.

ఫైలు చివర, ఆఖరి ఆసుపత్రి ఇచ్చిన కాగితంలో హెపటైటిస్ బి పాజిటివ్ అని ఉంది. మూడేళ్ళుగా ఆ కాగితం ఆ ఇంట్లో బీరువాలో ఉంది. దాని అర్థం ఎవరూ వారికి తెలుగులోనో ఉర్దూలోనో విడమరచి చెప్పలేదు. ఆయన తాగలేదు. రెండో దారిన పోయారు.

హెపటైటిస్ బి రక్తం ద్వారా, దాంపత్యం ద్వారా, ప్రసవ సమయంలో తల్లి నుండి బిడ్డకు సోకే వైరసు. ఒకే పళ్ళెంలో తినడం వల్ల, ముసాఫహా చేయడం వల్ల, ఆలింగనం వల్ల, ఒకే వుజూ కొలను వాడటం వల్ల రాదు. పసికందుకు సోకితే పదిమందిలో తొమ్మిదిమందికి అది జీవితాంతం నిలిచిపోతుంది. ఆరోగ్యవంతులైన పెద్దలలో వందకు తొంభై ఐదుమందికి పైగా దాన్ని వారి శరీరమే తరిమివేస్తుంది. నిలిచిపోయినవారిలో కూడా దశాబ్దాలపాటు ఏ బాధా కనిపించకపోవచ్చు. మన దేశంలో ఇలా జీవిస్తున్నవారు 2022 నాటికి 2 కోట్ల 98 లక్షల మంది అని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. దర్జీ భాయికి ఎక్కడ సోకిందో ఇక ఎవరూ తేల్చలేరు. పుట్టుకలో కావచ్చు, ఉడకబెట్టని సూది కావచ్చు, మంగలి కత్తి కావచ్చు.

ఈ చివరి మాట మన ఇళ్ళకు బాగా సంబంధించినది. ఒకే కత్తితో వరుసగా పిల్లలకు ఖత్నా చేయించిన రోజులు మా తరానికి గుర్తే. హిజామా ఇప్పుడు వీధి వీధికీ వచ్చింది. అది సున్నతే, కాదనడం లేదు. కానీ బ్లేడు మీ కళ్ళెదుట కొత్తగా విప్పారా, కప్పులు ఒకరివి మరొకరికి పెడుతున్నారా అని అడగడం సున్నతుకు వ్యతిరేకం కాదు. హజ్‌లో శిరోముండనానికి సొంత కత్తి వాడుకోండని, అనుమతి లేని క్షురకుల దగ్గరకు పోవద్దని సౌదీ అధికారులు హెచ్చరించేది కూడా ఈ వైరసుల భయంతోనే.

ఆ కుటుంబం మొత్తానికి రక్తపరీక్ష చేయించడానికి డాక్టరమ్మే దారి చూపారు. 2018లో ప్రారంభమైన జాతీయ కార్యక్రమం క్రింద ఈ పరీక్షలు, మందులు ప్రభుత్వ కేంద్రాలలో ఉచితం. తల్లికి ఎప్పుడో సోకి దానంతటదే తగ్గిపోయిన గుర్తులున్నాయి. పెద్దబ్బాయికి పాజిటివ్ వచ్చింది. ఆ రోజు అతని ముఖం చూడలేకపోయాము. అయితే కాలేయం ఇప్పటికి బాగానే ఉంది. ప్రస్తుతం మందు అవసరం లేదని, ఆరు నెలలకోసారి తప్పక పరీక్షించుకోవాలని చెప్పారు. అవసరమైన నాడు రోజుకో మాత్ర వైరసును అదుపులో ఉంచుతుందట. తండ్రికి ఈ సంగతి ఎవరైనా సకాలంలో చెప్పి ఉంటే అన్న మాట అతనే అన్నాడు. మేము తల వంచుకున్నాము. సంబంధం తప్పిపోయిన ఆడపిల్లకు నెగెటివ్. ఆమెకు టీకా మూడు మోతాదులు వేయించాలన్నారు: మొదటిది వెంటనే, రెండోది నెలకు, మూడోది ఆరు నెలలకు.

ఆ టీకా గురించి పాఠకులకు చెప్పవలసింది ఉంది, ఎందుకంటే దాని కథ మన నగరానిదే. ఒకప్పుడు హెపటైటిస్ బి టీకా విదేశాల నుండే వచ్చేది, ధర సామాన్యునికి అందేది కాదు. నెల్లూరు జిల్లాకు చెందిన కె.ఐ. వరప్రసాద్ రెడ్డి గారు దాన్ని ఇక్కడే తయారు చేయాలని 1993లో తల్లి శాంత గారి పేరుతో శాంతా బయోటెక్నిక్స్ స్థాపించారు. పెట్టుబడికి ఇబ్బంది పడుతున్న ఆ సంస్థకు ఆసరాగా నిలిచి ధనం సమకూర్చినవారు ఒమాన్ విదేశాంగ మంత్రి యూసుఫ్ బిన్ అలవీ. పరిశోధన మొదట ఉస్మానియా విశ్వవిద్యాలయంలో, తర్వాత సీసీఎంబీలో సాగింది. 1997 ఆగస్టులో షాన్‌వాక్-బి విడుదలయింది. పునస్సంయోజిత పద్ధతిలో మన దేశంలో తయారైన మొదటి టీకా అదే. ఈస్ట్ కణంలో వైరసు పైపొర తాలూకు జన్యువును చేర్చి, ఆ కణం చేతనే ఆ పొరను తయారు చేయించడం దాని పద్ధతి. అందులో వైరసు ఉండదు, కాబట్టి టీకా వల్ల రోగం రావడం అసంభవం. ఒక నెల్లూరు రెడ్డి సంకల్పం, ఒక అరబ్బు ముస్లిము ధనం, హైదరాబాద్ శాస్త్రజ్ఞుల శ్రమ కలిసి, ఆ టీకా ధర మామూలు ఇళ్ళకు అందేంతగా దిగివచ్చింది. టీకాలంటే అనుమానపడే మన సోదరులు కొందరున్నారు. వారికి ఈ సంగతి తరచుగా చెబుతుంటాము.

దేశమంతటా పిల్లల టీకా కార్యక్రమంలో ఇది 2011 నాటికి చేరింది. పుట్టిన 24 గంటలలోపు ఒక మోతాదు, ఆపైన ఆరు, పది, పద్నాలుగు వారాలకు మిగతా టీకాలతో కలిపి. మొదటి మోతాదు విలువైనది, ఎందుకంటే తల్లి నుండి బిడ్డకు సోకే దారిని అదే మూసివేస్తుంది. అజాన్ చెవిలో చెప్పే ఆ మొదటి రోజునే ఈ టీకా వేశారా అని ప్రతి తండ్రీ అడగాలి. అంతకుముందు పుట్టినవారిలో చాలామందికి ఈ టీకా పడలేదు. మా మదరసాలో పెద్ద తరగతుల విద్యార్థులను అడిగితే, పడినట్లు తెలిసినవారు చాలా తక్కువ. వారికి పరీక్షలు చేయించి, టీకా వేయించే ఏర్పాటు ఇప్పుడు నడుస్తోంది.

ఆ సంబంధం తాలూకు పెద్దమనిషి ఇంటికీ వెళ్ళాము. మేమన్నది తెలియక అన్నామని, ఆ మనిషి ఎన్నడూ తాగలేదని, ఆయన రోగానికి కారణం వేరని చెప్పాము. అబ్బాయికి మరొకచోట పెళ్ళయి ఏడాదయిందట. ఆయన మర్యాదగా విని, చాయ్ తెప్పించారు. చక్కెర లేకుండా ఇమ్మన్నాము. చాయ్ హోటల్‌లో కూడా ఒక సాయంత్రం కూర్చొని, నాలుగేళ్ళ క్రితం ఆ మాట అన్నవారిలో దొరికిన ముగ్గురికి విషయం చెప్పాము. ఒకరు “అల్లాహ్ క్షమించుగాక” అన్నారు. మిగతా ఇద్దరూ మా కొవ్వు కాలేయం గురించి కుతూహలంగా అడిగారు.

మా ఎత్తు ఐదడుగుల ఆరంగుళాలు. అప్పటి బరువు 84 కిలోలు. శరీర బరువులో ఏడు నుండి పది శాతం తగ్గితే కాలేయంలో కొవ్వు, వాపు తగ్గుతాయని, లేత మచ్చలు కూడా వెనక్కి తగ్గే అవకాశం ఉందని డాక్టరమ్మ చెప్పారు. మందు రాయలేదు. ఫజర్ తర్వాత కృష్ణకాంత్ పార్కులో నలభై ఐదు నిమిషాలు నడుస్తున్నాము. నడుస్తూ ఖుర్‌ఆన్ మురాజఆ చేసుకుంటాము. చాయ్ రెండుకు తగ్గింది. వలీమాలో మొదటి వడ్డనతో లేస్తున్నాము, నొచ్చుకునేవారు నొచ్చుకుంటున్నారు. బక్రీదు నాడు మాత్రం కలేజీ వేపుడు తిన్నాము. ఇప్పుడు 77 కిలోలు. మచ్చల సంగతి వచ్చే పరీక్షలో తెలుస్తుంది, ఇన్షా అల్లాహ్.

కుర్తాలు వదులైనాయి. పోయిన వారం వాటిని దర్జీ భాయి ఇంటికి తీసుకువెళ్ళాము. అబ్బాయి తండ్రి కొలతల పుస్తకం తీశాడు. మా పేరున్న పుటలో పన్నెండేళ్ళ కొలతలు ఒకదాని క్రింద ఒకటి ఉన్నాయి: నడుము 34, 35, 37, 38, 40, చివరిది 41 అంగుళాలు. మగవారికి 90 సెంటీమీటర్లు, అంటే ముప్పై ఐదున్నర అంగుళాలు దాటితే జాగ్రత్తపడాలని మాకు ఆసుపత్రిలో చెప్పారు. ఆయన ఏటేటా మా నడుము కొలిచి రాసి పెట్టుకున్నారు. ఒక ఈదుకు టేపు చుట్టి, “హజ్రత్, కొంచెం నడవండి” అన్నారు కూడా. మేము ఆయన మాటను వేళాకోళంగా తీసుకొని నవ్వాము.

అబ్బాయి కొత్త కొలత తీసుకొని, 41 క్రింద 38 అని రాశాడు. లోపలి నుండి అతని తల్లి, చెల్లెలి మూడో టీకా వచ్చే బుధవారం ఉందని, మా ఇంటివారిని తోడు పంపగలరా అని అడిగారు.